హాలే అచ్చు నుంచి మన పోస్టరు దాకా

1746–47లోనే జర్మనీలోని హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించారు. నేడు మనం పండుగ పోస్టర్లను ఫోటోషాప్‌లో తయారు చేసుకుంటున్నాం. శీర్షికకు పాయింట్ టెక్స్ట్ చాలు. ఎంటర్ నొక్కేదాకా ఒకే వరుసగా సాగుతుంది. ఆహ్వాన వాక్యాలకు పేరాగ్రాఫ్ టెక్స్ట్ మేలు. గీసిన పెట్టె అంచు రాగానే వరుస తానే మారుతుంది. భారతీయ లిపులకు తగిన అమరిక ఎంచుకోకపోతే ‘స్త్రీ’ వంటి మాటల్లో ఒత్తులు విడిపోతాయి. అక్షరాలను బొమ్మగా మార్చాక దిద్దలేం. కనుక దిద్దగల ప్రతిని దాచుకుందాం. ఇక్కడ పుట్టిన మన పిల్లల్లో కొందరు తెలుగు అక్షరం చూసేది ఆ పోస్టరు మీదనే. విరిగిన అక్షరాన్నే వారు సరైనదనుకుంటారు. అందుచేత అచ్చుకు పంపేముందు తెలుగు చదవగల పెద్దలొకరికి తప్పక చూపిద్దాం.