ఊసరవెల్లికి గట్టుమీద చోటు

(అనంతపురం జిల్లా గ్రామ పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



త్రాగునీరు, బాటలు, వీధిదీపములు — పంచాయతీ సభలలో వీనిని గురించి చర్చించుట మనకు అలవాటు. నేడు మీ పొలముగట్టు పొదలలో నివసించు ఒక మూగజీవిని గురించి మనవి చేయదలచితిని. అది ఊసరవెల్లి.

“తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్లు” అని మనవారి సామెత. కాని తొండ ఎంత ముదిరినను ఊసరవెల్లి కాదు. రెండును వేర్వేరు జాతులు. తొండ చురుకుగా పరుగెత్తును. ఊసరవెల్లి గాలికి ఊగు ఆకువలె ఊగుచు, అడుగులో అడుగు వేయుచు సాగును. దాని కాలివ్రేళ్లు రెండు కట్టలై పట్టకారువలె కొమ్మను పట్టును. కన్నులు రెండును రెండు దిక్కులు చూడగలవు. పొడవైన నాలుకను రివ్వున చాచి మిడుతను లాగుకొనును. అది రంగు మార్చుట మోసము కొరకు కాదు. ఎండ, చలి, భయము, పోటీ ముఖ్య కారణములు.

దీనికి మనుష్యునకు హాని చేయు విషము లేదు. అయినను విషజంతువని భ్రమించి కొందరు రాళ్లతో కొట్టుదురు. పరుగెత్తలేని ప్రాణి దెబ్బనెట్లు తప్పించుకొనును? ఆడుది గుడ్లు పెట్టుటకు చెట్టు దిగి మట్టిలో గుంట త్రవ్వును. ఆ సమయమున దానికి అపాయము మరింత ఎక్కువ.

చెట్టు పోయినచో ఇట్టి జీవి గతి యేమగునో ఆఫ్రికాలోని మలావీ దేశపు అనుభవము తెలుపును. అచ్చటి కొండ అడవిలో 5.5 సెంటీమీటర్లకు మించని మరుగుజ్జు ఊసరవెల్లి గలదు. శాస్త్రజ్ఞులు 1992లో దానికి పేరు పెట్టిరి. సాగుకై నరుకుటచే 1984 తరువాత ఆ అడవిలో సుమారు 80 శాతము అంతరించినది. ఆ జాతియే నశించినదేమోయని భయపడిరి. 2016లో వెదకగా మిగిలిన అడవి తునకలలో కొన్ని కనబడినవి. కాని నడుమనున్న బయలు దాటి ఒక తునకలోనివి మరొక తునకను చేరజాలవు.

మన ఊసరవెల్లికి అంతటి ఆపద రాలేదు. కాని చెట్టునుండి చెట్టుకు మరుగైన దారి దీనికిని కావలెను. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియు మన సీమలో దట్టమైన అడవి అరుదు. వేరుశనగ చేల నడుమనున్న వేప, చింత, కానుగ, కంచెపొదలే దానికి నివాసము, దారి.

కంచె కొట్టినచో రెండు సాళ్లు అదనముగా వచ్చునని రైతు అనును. కరువుసీమలో ఆ మాట త్రోసివేయదగినది కాదు. ఊసరవెల్లి పంటనంతటిని కాపాడునని నేను చెప్పను. కాని ఆ పొద మట్టి కొట్టుకొనిపోకుండ ఆపును. పురుగులను తిను పక్షులకును ఆశ్రయమిచ్చును. దానిని కొట్టుటకు ముందు ఈ లెక్కయు చూడవలెను.

పంచాయతీ చేయదగిన పనులు మూడు గలవు. మొదటిది, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఊసరవెల్లికి రక్షణ నిచ్చుచున్నదని, దానిని చంపుట, పట్టి అమ్ముట నేరమని గ్రామసభలో తెలుపుట. రెండవది, ఉపాధి పనులలోను, బాటల పనులలోను గట్టుచెట్లను వీలైనంత వరకు నిలుపుట. మూడవది, 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ఏర్పడు గ్రామ కమిటీ పుస్తకములో ఊసరవెల్లి ఎచ్చట కనబడినదియు వ్రాయించుట. పశువుల కాపరులను, బడిపిల్లలను అడిగినచో వారే చూపుదురు.

ఖర్చు లేని పనులివి. మీ గ్రామములలో నేటినుండియే ప్రారంభింతురని ఆశించుచున్నాను.