తుక్కు కిలో 40 రూపాయలు... మరి తుక్కు శిల్పం ఎంత?

ఈ ఎపిసోడ్ మాదాపూర్‌లో కూర్చుని చేస్తున్నాం. కిటికీలోంచి ఎటు చూసినా గాజు బిల్డింగులే. 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఈ చుట్టుపక్కల లేచిన ఆఫీసుల్లో రోజూ ఎన్ని కంప్యూటర్లు పాతబడి మూలకి పోతుంటాయో ఊహించుకోండి. బహుశా అందుకేనేమో, ఇక్కడ ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు కలిసినప్పుడు ఒక ప్రశ్న తరచుగా వస్తుంటుంది. "అన్నా, పాత సామాన్లతో బొమ్మలు చేసేవాళ్లని రీల్స్‌లో చూస్తుంటాం కదా. నాక్కూడా చేతిలో పని ఉంది. అది చేసి బతకొచ్చా?"

బతకొచ్చు. కానీ ఎలా బతుకుతారో తెలియాలంటే మనం హైటెక్ సిటీ వదిలి తెనాలి దాకా వెళ్లాలి.

తెనాలి అంటే విగ్రహాల ఊరు కూడా. ఏ ఊరి సెంటర్లోనో నాయకుడి విగ్రహం పెట్టాలంటే చాలామంది ముందు తెనాలికే ఫోన్ చేస్తారు. అక్కడ సూర్య శిల్పశాల అని ఒకటుంది. కాటూరి వెంకటేశ్వరరావు గారు, ఆయన కొడుకు రవిచంద్ర గారు నడుపుతున్నారు. తరతరాలుగా శిల్పాలు చేసే కుటుంబం. రవిచంద్ర గారిది ఐదో తరం, పైగా ఫైన్ ఆర్ట్స్ చదువుకున్నారు. అంటే ఇంట్లో నేర్చుకున్న పనీ ఉంది, కాలేజీ చదువూ ఉంది. వీళ్లు పాత బండ్ల తుక్కుతో, అంటే గేర్ చక్రాలు, బైక్ చైన్లు, నట్లు, బోల్టులు, విరిగిపోయిన ఇనుప ముక్కలతో మనిషంత, మనిషి కంటే పెద్ద విగ్రహాలు చేస్తారు. 2021లో 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం ఒకటి బెంగళూరు కోసం చేశారు, అప్పుడు దేశమంతా వార్తల్లో వచ్చింది. అంతకుముందు 75 వేల నట్లతో 10 అడుగుల గాంధీ విగ్రహం చేశారు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. అసలు విషయం ఇక్కడే ఉంది.

ఆ మోదీ విగ్రహానికి దాదాపు 2 టన్నుల తుక్కు పట్టింది. పది, పదిహేను మంది రెండు నెలలు పనిచేశారు. ఇవి అప్పట్లో వార్తల్లో వచ్చిన అంకెలు. ధరలు మాత్రం నేను వేసుకుంటున్నవి, లెక్క అర్థం కావడానికి. తుక్కు కిలో 40 రూపాయలు అనుకుందాం. 2 టన్నులకి 80 వేలు. మనుషులు సగటున 12 మంది, 60 రోజులు. అంటే 720 పనిదినాలు. రోజుకి 800 కూలీ వేసుకున్నా 5 లక్షల 76 వేలు. ఇంకా వెల్డింగ్ రాడ్లు లెక్కపెట్టలేదు, కరెంటు లెక్కపెట్టలేదు, షెడ్డు అద్దె, క్రేను, లారీ లెక్కపెట్టలేదు. శిల్పి ఆలోచనకి అసలు ఒక్క రూపాయి కూడా వేయలేదు.

అదే గాంధీ విగ్రహం చూడండి. 75 వేల నట్లు. ఒక్కో నట్టు చేతిలోకి తీసుకుని, ఏ వైపు తిప్పాలో చూసి, అంటించడానికి ఒక నిమిషమే అనుకుందాం. 75 వేల నిమిషాలు, అంటే 1,250 గంటలు. ఒక్కడే రోజుకి 8 గంటలు చేస్తే 156 రోజులు. ఒక్క ఆదివారం కూడా సెలవు లేకుండా ఐదు నెలలన్నమాట. ఇదంతా నట్లు అంటించడానికే. లోపలి అస్థిపంజరం, ముఖం, చేతివేళ్లు వేరే.

కాబట్టి "చెత్తతో చేసిందే కదా, తక్కువలో ఇచ్చేయండి" అని ఎవరైనా అంటే వాళ్లకి చెప్పాల్సింది ఇదే. తుక్కు కాంటా మీద తూకానికి వస్తుంది. శిల్పం తూకానికి రాదు, రోజులతో వస్తుంది. ఇత్తడి, కంచు పోత పోసే పనిలో ఒకసారి అచ్చు తయారయ్యాక లోహం దానంతటదే ఆకారంలోకి పారుతుంది. తుక్కులో అలా కాదు. ప్రతి ముక్కా విడిగా వెతకాలి, విడిగా అతకాలి. లోహం చవకైన కొద్దీ మనిషి గంటలు పెరుగుతాయి.

పని ఎలా జరుగుతుందో కూడా కొంచెం చెప్పుకుందాం. ఎందుకంటే మీలో కొందరు రేపే వెల్డింగ్ మిషన్ ఆర్డర్ పెట్టేలా ఉన్నారు! తుక్కు షాపు నుంచి వచ్చిన ముక్క నేరుగా విగ్రహంలోకి పోదు. ముందు గ్రీజు పోవాలి, పెయింట్ పోవాలి. లేకపోతే వెల్డింగ్ అతుకులో చిన్న చిన్న రంధ్రాలు పడి రేపో మాపో ఊడిపోతుంది. తర్వాత ఏ ఇనుమో చూసుకోవాలి. పోత ఇనుము ముక్కని మామూలు రాడ్‌తో అతికితే చల్లారేటప్పుడు టక్కుమని పగులుతుంది. ఇక జీఐ, అంటే జింక్ పూత ఉన్న ముక్కలు. వాటిని అలాగే వెల్డింగ్ చేసి ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వచ్చినట్టు ఒళ్లంతా వణుకు. పాత పెట్రోల్ ట్యాంకు, పాత షాక్ అబ్జార్బర్, ఈ రెండిటి జోలికి మంట పట్టుకుని అస్సలు పోకండి. లోపల ఉన్న ఆవిరి, ప్రెషర్ ఒక్కసారిగా పేలితే చెయ్యి ఉండదు. ఇవన్నీ తెలిసిన మేస్త్రీ దగ్గర ఆరు నెలలు నిలబడటం ఏ ఆన్‌లైన్ కోర్సు కన్నా మేలు.

సరే, ఇనుము సంగతి బాగానే ఉంది. "మరి మా ఆఫీసుల్లో పడి ఉన్న కీబోర్డులు, మదర్‌బోర్డులతో ఎందుకు చేయకూడదు?" అంటారు. ఐటీ కారిడార్‌లో ఇది సహజంగా వచ్చే ఆలోచనే. కానీ ఇక్కడ రెండు అడ్డంకులున్నాయి.

ఒకటి, ఆ సరుకే వేరు. సర్క్యూట్ బోర్డు వెల్డింగ్ కాదు. దాన్ని కోస్తే ఫైబర్ దుమ్ము, కాలిస్తే విషపు పొగ, టంకంలో సీసం. ప్లాస్టిక్ ఎండకి పెళుసెక్కిపోతుంది. కాబట్టి మన మే నెల ఎండలో బయట నిలబెట్టే బొమ్మకి పనికిరాదు. గదిలో, గోడ మీద పెట్టేవాటికి సరే.

రెండోది చట్టం. ఈ-వేస్ట్ మీద 2022లో వచ్చిన రూల్స్ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వెయ్యి, అంతకుమించి పరికరాలు వాడే సంస్థని బల్క్ కన్స్యూమర్ అంటారు. వాళ్లు తమ ఈ-వేస్ట్‌ని రిజిస్టర్ అయినవాళ్లకే అప్పగించాలి. ఇక్కడి పెద్ద ఆఫీసులన్నీ దాదాపు ఈ లెక్కలోకే వస్తాయి. పైగా హార్డ్ డిస్కుల్లో డేటా ఉంటుంది, కంపెనీలు వాటిని ముక్కలు చేయించి గానీ బయటకి పంపవు. కాబట్టి హెచ్ఆర్‌లో ఫ్రెండ్ ఉన్నాడు, రెండు ఆటోల సామాను తెచ్చుకుంటా అంటే కుదరదు. రూల్ మంచిదే, నేను తప్పు పట్టట్లేదు. 2022లో ప్రపంచం మొత్తం మీద 6 కోట్ల 20 లక్షల టన్నుల ఈ-వేస్ట్ వస్తే, లెక్కప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే. కానీ దీనివల్ల ఒక విచిత్రం జరుగుతోంది. సైబరాబాద్‌లో అద్దాల లాబీల్లో నిలబెట్టే "వేస్ట్ టు ఆర్ట్" బొమ్మల్లో సైబరాబాద్ చెత్త చాలావరకు ఉండదు. ఎక్కడివో పాత బండ్ల ఇనుము ఉంటుంది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్తాను, మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు. దొరికిన వస్తువుతో శిల్పం చేయడంలో రెండు దారులున్నాయి. 1942లో పికాసో సైకిల్ సీటు ఒకటి, హ్యాండిల్ ఒకటి కలిపి ఎద్దు తల చేశాడు. రెండే ముక్కలు. చూడగానే ఎద్దు కనిపిస్తుంది, అదే చూపులో సైకిల్ కూడా కనిపిస్తుంది. ఆ రెండూ ఒకేసారి కనిపించడంలోనే మజా. రెండో దారిలో వస్తువు ఇటుకలా పనిచేస్తుంది. ఢిల్లీలో 2019లో తెరిచిన వేస్ట్ టు వండర్ పార్కులో 150 టన్నుల తుక్కుతో తాజ్ మహల్, ఈఫిల్ టవర్ లాంటి ఏడు వింతలు కట్టారు. కుటుంబంతో వెళ్తే బాగానే ఉంటుంది. కానీ అక్కడ గేరు గేరులా మాట్లాడదు, నింపడానికి మాత్రమే ఉంటుంది.

తెనాలి పని ఈ రెండిటి మధ్యలో ఉంది. పోలిక కుదరాలి, ఎందుకంటే కొనేవాళ్లు డబ్బిచ్చేది పోలికకే. ముఖం తేడా వస్తే ఆర్డర్ పోతుంది. అయినా దగ్గరికెళ్లి చూస్తే ప్రతి ముక్కా ఒకప్పుడు ఏ బండిలో తిరిగిందో తెలుస్తుంటుంది. ఆర్డర్ మీద బతుకుతూ ఆ కాస్త చోటు నిలబెట్టుకోవడం చిన్న విషయం కాదు.

ఆర్డర్ లేకుండా, మనసుకి నచ్చిందే చేస్తూ బతికినవాళ్లు లేరా? ఉన్నారు. కానీ వాళ్ల జీతం ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. చండీగఢ్ రాక్ గార్డెన్ చేసిన నేక్ చంద్ రోడ్ ఇన్స్పెక్టర్. ప్రభుత్వ ఉద్యోగి. పగలు డ్యూటీ, తీరిక దొరికినప్పుడల్లా, రాత్రుళ్లు కూడా, అడవిలో ఎవరికీ తెలియకుండా పగిలిన గాజులు, పింగాణీ ముక్కలతో బొమ్మలు. అధికారుల కంట పడేసరికి 1970లు సగం గడిచిపోయాయి. కూల్చేస్తారేమో అనుకుంటే 1976లో జనానికి తెరిచారు, ఆయనకి జీతమూ 50 మంది కూలీలనీ ఇచ్చారు. సీసా మూతలతో గోడంత తెరలు అల్లే ఎల్ అనట్సుయ్ నైజీరియాలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఆ మూతల సంచి ఆయన కంట పడేనాటికి వయసు యాభై దాటింది. మన దగ్గర కూడా నాగార్జున యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ పాఠాలు చెప్పే శ్రీనివాస్ పడకండ్ల గారు తుక్కు శిల్పాలు చేస్తారు.

హైదరాబాద్‌లోనే ఇంకో దారి ఉంది. బహదూర్‌పురాలో జూ పార్కు దగ్గర సుధాకర్ గారి సుధా కార్స్ మ్యూజియం. చిన్నప్పుడే తుక్కుతో బండ్లు చేయడం మొదలుపెట్టిన మనిషి. షూ ఆకారంలో కారు, బర్గర్ ఆకారంలో కారు, 2020లో కరోనా వైరస్ ఆకారంలో కూడా! 2005లో అతిపెద్ద ట్రైసైకిల్‌తో గిన్నిస్‌కెక్కారు. ఈయన శిల్పాన్ని అమ్మరు, టికెట్ అమ్ముతారు. బొమ్మ ఆయన దగ్గరే ఉంటుంది, చూసిన ప్రతివాడూ కొంచెం ఇస్తాడు. ఆర్ట్ కాలేజీల్లో ఇది శిల్పమేనా అని ముక్కు విరిచేవాళ్లు ఉంటారు. నాకైతే కదిలే శిల్పమే.

కాబట్టి ఉద్యోగం మానేసి రావాలా అని అడిగిన తమ్ముడికి నా జవాబు, ఇప్పుడే వద్దు. శని, ఆదివారాలు ఒక మేస్త్రీ షెడ్డులో నిలబడు. మోకాలి ఎత్తు బొమ్మలు మూడు పూర్తి చెయ్. ఒక్కోదానికి ఎన్ని గంటలు పట్టిందో ఫోన్‌లో నోట్ చేసుకో, ముక్క కోసం షాపులు తిరిగిన టైము కూడా కలుపు. ఆ గంటలకి నీ జీతంలో గంట రేటు వేసి చూడు. ఆ ధరకి మూడిట్లో ఒక్కటైనా, మన చుట్టాలు కానివాళ్లు కొంటే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం. మాస్కు, గ్లోవ్స్, కళ్లకి వెల్డింగ్ షీల్డ్ మాత్రం మొదటి రోజే కొను, వాటిలో బేరాలొద్దు.