కల్లుమండువ రుచులు – ఇంటి పొయ్యి



ఓరుగల్లు ప్రాంతమున సాయంకాలము తాటివనము దిక్కుగా నడచువారికి కల్లు వాసనకంటె ముందుగా తాలింపు వాసన తగులును. ఒకచోట గుడాలు, ఒకచోట బోటికూర, మఱియొకచోట నిప్పులపై కాల్చిన మాంసపు తునకలు. మండువకు పోవువారిలో పలువురు కల్లుకొఱకు ఎంతగా పోవుదురో ఆ తినుబండారములకొఱకును అంతగానే పోవుదురనుట తమకు తెలియని సంగతి కాదు. నేడు నేను కల్లును పొగడుటకుగాని తెగడుటకుగాని రాలేదు. అది మన పండుగలలోను, గౌడసోదరుల జీవనములోను కలసిపోయిన వస్తువు. నేను చెప్పదలచినది దానిప్రక్క నుండు విస్తరిని గూర్చి. ఆ విస్తరిలోని రుచులు ఇంటి పొయ్యిమీద పుట్టి మండువకు పోయినవి. వానిని మరల ఇంటికి తెచ్చుకొనవలెననుటయే నా మనవి.

ఈ కథ మనకొక్కరికే చెందినది కాదు. ఐరోపాఖండమునకు పడమట ఐర్లండు అను ద్వీపము కలదు. అచ్చటి పానశాలలు లోకప్రసిద్ధములు. వాని పేరు చెప్పగానే మాంసము, ఆలుగడ్డలు, ఉల్లిగడ్డలు కలిపి ఉడికించిన చిక్కని కూర తలంపునకు వచ్చును. కాని వెనుకటి కాలమున అచ్చటి పల్లెలలో పెక్కు పానశాలలు ఒకవైపు ఇంటి సరకులును, ఒకవైపు పానీయములును అమ్ము అంగళ్ళే. వేడివంట వడ్డించుట తరువాత ప్రబలిన వాడుక. ఆ కూరయో, పేదరైతుల గుడిసెలలో నిప్పుపై వ్రేలాడు ఇనుపకుండలో పుట్టినది. ముదురు గొఱ్ఱె మెడమాంసమును, ఎముకలను చవిగా మార్చుకొనినవారి వంట అది.

దానిని మన ఇంట చేయుటకు కొత్త సరకేదియు అక్కఱలేదు. ఎముకతో కూడిన మాంసము అరకిలో, ఆలుగడ్డలు అరకిలో, పెద్ద ఉల్లిగడ్డలు రెండు, ఉప్పు, మిరియాల పొడి చాలును. ఆలుగడ్డలలో సగమును పలుచగా తరిగి కుండ అడుగున పరచవలెను. పైన మాంసము, ఉల్లిగడ్డ ముక్కలు, ఉప్పు, మిరియాలు వేసి, మునుగునంత నీరు పోసి, మూతపెట్టి సన్నని సెగమీద ఉంచవలెను. గంట గడచిన పిమ్మట మిగిలిన ఆలుగడ్డలను పెద్ద ముక్కలుగా కోసి వేయవలెను. ఇంకొక గంటకు కూర సిద్ధమగును. అడుగున నున్న ఆలుగడ్డలు కరగి పులుసును చిక్కపరచును. పైవి ముక్కలుగా నిలుచును. సన్నని సెగచే ముదురు మాంసములోని నరము జిగురుగా మారి మెత్తబడును. తొందరపడి పెద్దమంట పెట్టినచో మాంసము బిరుసెక్కును. జొన్నరొట్టెతో ఈ కూర చక్కగా కలియును.

మన బోటికూరయు ఈ జాతిదే. బోటిని విప్పి, వేడినీటితో గీకి, పసుపు ఉప్పు పట్టించి నాలుగైదు మార్లు కడుగవలెను. ఒక ఉడుకు ఉడికించి ఆ నీరు పారబోసి, పిదప అల్లము, వెల్లుల్లి, కారము చేర్చి మెత్తబడువఱకు నింపాదిగా ఉడికింపవలెను. చింతచిగురు దొరకు దినములలో చింతచిగురు, లేనిచో పుంటికూర, దానికి తగిన పులుపు.

మాంసము ముట్టనివారికి గుడాలున్నవి. బొబ్బర్లుగాని, శనగలుగాని రాత్రి నానవేసి, ఉదయమున ఉప్పు వేసి ఉడికించి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, కరివేపాకులతో తాలింపు పెట్టిన చాలును. ఇక సర్వపిండి మన ఓరుగల్లు సీమ సొత్తు. దీనినే కొన్ని ఊళ్ళలో గిన్నప్ప యందురు. బియ్యపుపిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లిగడ్డ, కారము కలిపి, నూనె రాసిన సర్వ లోపల అద్ది, వ్రేలితో చిల్లులు చేసి, చిల్లులలో నూనె చుక్కలు విడిచి, మూతపెట్టి సన్నసెగపై కాల్చవలెను. వేడిసర్వలో రెండవమారు పిండి అద్దరాదు గనుక తెలిసిన ఇల్లాలు రెండు సర్వలు ఉంచుకొనును.

ఈ విస్తరిలో ఎన్ని పంటలున్నవో చూడుడు: జొన్న, బొబ్బర, శనగ, నువ్వు, పల్లీ. ఐర్లండు పేదలు ఆలుగడ్డ నొక్కదానినే నమ్ముకొనియుండిరి. 1845లో ఆ పంటకు తెగులు సోకెను. 1852 నాటికి ఆకలిచేతను రోగములచేతను సుమారు 10 లక్షలమంది మరణించిరి. ఇంచుమించు అంతమందియే దేశము విడిచిపోయిరి. అన్యప్రభుత్వపు నిరాదరణయు దానికి తోడయ్యెను. ఏ గింజనైనను వండువారు లేనిచో విత్తువారును ఉండరు. కాబట్టి నాలుగు గింజలు వండు ఇల్లు నాలుగు పంటలను కాపాడును.

మండువ ప్రక్క అంగళ్ళలో ఉప్పుకారములు మిక్కుటముగా వేయుట అజాగ్రత్తచేత కాదు. ఉప్పు దప్పిని పుట్టించును. దప్పి మఱియొక ముంతను పిలుచును. ఇంట వండినచో సగము ఉప్పుతోనే రుచి వచ్చును. ఒక్కనికి అంగడిలో అగు ఖర్చుతో ఇంటిల్లిపాదియు గుడాలు తినవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. ఇంటి యజమాని మండువలో కడుపునిండ తిని వచ్చిన రాత్రి, అతని బట్టలకంటిన తాలింపు వాసన మాత్రమే పిల్లలకు దక్కును. ఆ రుచిని మొదట కనిపెట్టిన ఇల్లాలు పచ్చిపులుసుతో అన్నము తిని పరుండును. ఇది న్యాయమా?

పెద్దలు చెప్పిన మాటకు పల్లెలో నేటికిని విలువ కలదు. వారమున కొక్క సాయంకాలమైనను ఈ వంటలు ఇంట జరుగునట్లు చూడుడు. కుమారులను మందలించుటకంటె వారిచేత మాంసము కడిగించుడు, ఉల్లిగడ్డలు తరిగించుడు, పొయ్యికడ కూర్చుండబెట్టుడు. అందఱును ఒక్క వరుసలో కూర్చుండి తినుడు. మొదటి విస్తరి ఆనాడు వండిన ఇల్లాలికి వేయించుడు.

సెలవు.