తాగరాదన్న కోర్టు షరతు – కాపలా ఎవరు?

(జిల్లా శాఖ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల మీద మాట్లాడమంటే గంటసేపు మాట్లాడేవాణ్ణి. కార్యదర్శిగారు మద్యం సంగతి మాట్లాడమన్నారు. సరే, కోర్టు గుమాస్తాగా ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి గనుక ఆ వైపు నుంచే చెబుతాను.

1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్టు 4వ సెక్షను ప్రకారం, నేరం రుజువైన మనిషిని జైలుకు పంపకుండా సత్ప్రవర్తన బాండు రాయించుకొని వదలవచ్చు. ప్రొబేషన్ ఆఫీసరు పర్యవేక్షణలో పెట్టేటప్పుడు మత్తు పదార్థాలు ముట్టరాదనే షరతు కూడా చేర్చవచ్చు. అటువంటి కాగితాలు రాసి, సీలు వేసి, ఫైలు కట్టినవాణ్ణి నేను. కాగితం మీద మనిషి తాగడు. పొద్దుగూకాక ఏం చేస్తున్నాడో చూసేదెవరు? ప్రొబేషన్ ఆఫీసరు ఎన్ని ఊళ్లని తిరుగుతాడు? ఇక భార్య చెప్పాలి. చెప్పిన రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఇక్కడున్న అమ్మలకు నేను చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులో ఈ కాపలా యంత్రానికి అప్పగించారు. చీలమండకు ఒక పట్టీ కడతారు. తాగిన మద్యంలో కొద్ది భాగం చెమటతో బయటికి వస్తుంది. దాన్ని ఆ పట్టీ అరగంటకొకసారి పరీక్షించి కబురు పంపుతుంది. 2012లో చట్టం చేసి, 2014లో దక్షిణ లండనులో మొదలుపెట్టి, 2020లో వేల్సుకు, 2021లో ఇంగ్లండు అంతటికీ విస్తరించారు. గడువు 120 రోజులకు మించరాదు. పట్టీ ఉన్న రోజులలో నూటికి 97 మద్యం లేకుండా గడిచాయని అక్కడి ప్రభుత్వ లెక్క. విప్పేశాక మాటేమిటని మీరడుగుతారు. నేనూ అదే అడుగుతాను.

అమెరికాలో దక్షిణ డకోటా రాష్ట్రంవారు 2005లో ఇంకా చౌకదారి పట్టారు. ఉదయం, సాయంత్రం వచ్చి మిషనులో ఊదాలి. దొరికితే వాయిదాల్లేవు, అప్పటికప్పుడే ఒకటి రెండు రోజులు లోపల వేస్తారు. ఈ పద్ధతి వచ్చాక తాగి బండి నడిపి మళ్లీ పట్టుబడడం 12 శాతం, గృహహింస అరెస్టులు 9 శాతం తగ్గాయని రాండ్ సంస్థ పరిశోధకులు 2013లో తేల్చారు. ఏళ్ల తరబడి నడిచే కేసులు చూసిన నాకు ఈ 'అప్పటికప్పుడే' అన్నది బాగా నచ్చింది.

ఆ పట్టీ మన తీరానికి పనికిరాదని నా అభిప్రాయం. దాన్ని నీళ్లలో ముంచకూడదు. మైపాడులోనో జువ్వలదిన్నెలోనో పడవ నెట్టేవాడు నడుములోతు నీళ్లలో దిగకుండా ఎట్లా బతుకుతాడు? పైగా అమెరికాలో చాలాచోట్ల ఖర్చు కట్టుకున్నవాడిదే. ఇక్కడ అట్లా పెడితే అది ఇల్లాలి కూలిడబ్బు నుంచే పోతుంది. మరొకటి, తాగుడుకు పూర్తిగా బానిసైనవాడికి ఇంగ్లండులో ఈ పట్టీ వేయరు. అటువంటివాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్సు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ముందు ఆస్పత్రి, తర్వాతే షరతు.

మన జిల్లాలో ఏ మిషనూ లేకుండా కాపలా కాసినవారున్నారు. 1992లో మెట్టప్రాంతంలోని దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. రోశమ్మగారి పేరు అట్లా రాష్ట్రమంతా తెలిసింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో పోయింది. వారు కాపలా కాసింది ఒక్కొక్క మగవాణ్ణి కాదు, అంగడిని. కోర్టుకు ఆ అధికారం లేదు. దాని ముందు నిలబడేది మనిషే.

కనుక నా ప్రతిపాదన ఒకటి ఉంది. తాగరాదన్న షరతు పెట్టినచోట, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రోజూ ఊదించే ఏర్పాటు, ప్రభుత్వ ఖర్చుతో చికిత్స ఉండాలనీ, ఫిర్యాదు భారం భార్య మీద వేయరాదనీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు మన సంఘం తరఫున అర్జీ పెడదాం. వేటకు పోయి రోజుల తరబడి సముద్రం మీద ఉండేవారి విషయంలో ఏం చేయాలన్నది నాకు తోచలేదు, తీరగ్రామాలవారు చెప్పాలి. చిత్తుప్రతి నేను రాసి తెచ్చాను, కార్యదర్శిగారి దగ్గర ఉంది. చదివి, సంతకాలు చేసి వెళ్లండి.

సెలవు.