మేస్త్రీ తలకి దెబ్బ తగిలితే మనిషి మారిపోతాడా?

ఈరోజు మాట్లాడేది సైకాలజీ పుట్టకముందు ఫిలాసఫీ వాళ్ళు వేసిన ఒక ప్రశ్న గురించి. నేను చదివింది ఐటీఐ, చేసేది ఇక్కడ అమెరికాలో సైట్ సూపర్‌వైజర్ పని. కాబట్టి నాకు తెలిసిన దారిలోనే చెప్తాను.

ప్రశ్న ఇది: మనసు, శరీరం రెండూ వేరువేరా? ఫ్రాన్స్‌కి చెందిన డెకార్ట్ వేరే అన్నాడు. బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643లో ఆయనకి ఉత్తరం రాసి సూటిగా అడిగింది: బరువు, ఆకారం లేని మనసు చేతినీ కాలినీ ఎలా కదిలిస్తుందండీ అని. 1649లో అచ్చయిన పుస్తకంలో ఆయన మెదడు మధ్యనున్న పీనియల్ గ్రంథిని చూపించాడు, అక్కడే రెండూ కలుస్తాయని. ఆ జవాబు నిలబడలేదు. ప్రశ్న మాత్రం నిలబడింది.

తర్వాత ఇంగ్లండ్‌లో జాన్ లాక్. ఈయన వైద్యం కూడా చదివినవాడు. ఒక యువరాజు మనసు చెప్పులు కుట్టేవాడి ఒంట్లోకి వెళ్తే ఆ మనిషి ఎవరు అని 1694లో అడిగాడు. మనకి పరకాయ ప్రవేశం కథలు కొత్త కాదు కదా! లాక్ జవాబు: యువరాజే. పాత జ్ఞాపకాలు ఎవరివో, మనిషి వాడే.

ఇప్పుడు మన మేస్త్రీ దగ్గరికి వద్దాం. పేరు ఫినియస్ గేజ్, వయసు 25. వెర్మాంట్‌లో కావెండిష్ దగ్గర రైలు మార్గం కోసం బండలు పేల్చే గ్యాంగ్‌కి ఫోర్‌మన్. 1848 సెప్టెంబర్ 13న, రంధ్రంలో మందు కూరుతుంటే నిప్పురవ్వ లేచింది. 3 అడుగుల 7 అంగుళాల ఇనుప కడ్డీ, 13 పౌన్ల పైచిలుకు బరువు, ఎడమ చెంప కింద దూరి నడినెత్తిన బయటికొచ్చింది. మనిషి బతికాడు. బండిలో కూర్చుని ఊళ్ళోకి వెళ్ళాడు కూడా!

వైద్యం చేసిన డాక్టర్ హార్లో జ్ఞాపకశక్తి బాగానే ఉందని రాశాడు. కానీ నెమ్మదస్తుడు కాస్తా మొండిగా, నోటికొచ్చినట్టు మాట్లాడేవాడిగా తయారయ్యాడట. స్నేహితులు మా గేజ్ వీడు కాదన్నారు. కాంట్రాక్టర్లు పాత పని ఇవ్వలేదు.

చూడండి, లాక్ లెక్క ప్రకారం వాడే మనిషి, జ్ఞాపకాలన్నీ ఉన్నాయి. స్నేహితుల లెక్కలో కాదు. అంటే జ్ఞాపకం ఒక్కటే సరిపోదు. ఓర్పు, మాట తీరు కూడా మనిషే. అవి కూడా మెదడు మీదే ఆధారపడి ఉన్నాయి.

చాలామంది కథ ఇక్కడే ఆపేస్తారు. గేజ్ తర్వాత చిలీ వెళ్ళి కొన్నేళ్ళపాటు గుర్రాల కోచ్ తోలాడు. రోజూ ఒకే దారి, ఒకే టైమ్, ఒకే పద్ధతి. ఆ క్రమమే ఆయన్ని చాలావరకు బాగుచేసిందని చరిత్రకారుడు మాల్కమ్ మెక్‌మిలన్ వాదన. 1860లో ఫిట్స్ వచ్చి చనిపోయాడు. పుర్రె, కడ్డీ ఇప్పుడు హార్వర్డ్ మ్యూజియంలో ఉన్నాయి.

సైట్లలో పనిచేసే తమ్ముళ్ళకి, సూపర్‌వైజర్లకి ఒక్క మాట. తలకి దెబ్బ తగిలి తిరిగొచ్చినవాడు విసుక్కుంటే, చెప్పింది మర్చిపోతే, వాడికి పొగరెక్కిందనో బద్ధకమనో వెంటనే పేరు పెట్టేస్తాం. అది గాయం కూడా అయ్యుండొచ్చు. ముందు డాక్టర్‌కి చూపించండి. ఆ తర్వాత క్రమంగా సాగే పని ఇచ్చి, కొంచెం టైమివ్వండి.

ఉంటానండీ, మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం.