రాజీ కాగితం మీద వేలిముద్ర వేయకముందు

(సంఘం మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, కరెంటు గురించి మాట్లాడుకునే సభలో తాగి బండి నడిపేవాళ్ల ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. అది పోలీసుల పని కదా అని. కానీ పల్లెల్లో ఆ బండి కింద పడేదెవరు? తెల్లారకముందే నాట్లకు పోయే కూలీలు, రాత్రిపూట మోటారు వేయడానికి సైకిల్ మీద పోయే కౌలు రైతు, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల దగ్గర కాపలా పడుకున్న ముసలాయన. నడిపేవాడు కూడా చాలాసార్లు మనవాడే. ఆ సంగతి దాచుకుని మాట్లాడితే లాభం లేదు.

చట్టం సూటిగానే ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే బండి నడపడం నేరం. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10 వేల జరిమానా, లేదా రెండూ. ట్రాక్టర్‌కు మినహాయింపేమీ లేదు. అయితే ఊదించే మిషను పట్నం చౌరస్తాలో ఉంటుంది. బెల్టు షాపు నుంచి పొలం దారి దాకా ఎవరూ నిలబడరు. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపు మద్యం షాపులు వద్దంది. మరుసటి ఏడాదే చిన్న ఊళ్లకు దాన్ని 220 మీటర్లు చేసింది, ఆ తర్వాత మున్సిపాలిటీలకు సడలించింది. కోర్టు కొలిచింది లైసెన్సు షాపులను. కిరాణా కొట్టు వెనక అమ్మే సీసాలకు టేపు పట్టేదెవరు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఎక్సైజు వాళ్ల కోసం ఎదురుచూడలేదు. వాళ్లు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరుకల్లా రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

మన వంతు కూడా చెప్పుకోవాలి. కోతల రోజుల్లో డ్రైవర్‌కు కూలితోపాటు సీసా ఇవ్వడం మర్యాదగా నడుస్తోంది. ఇచ్చినవాళ్లమే అదే డ్రైవర్‌ను కూర్చోబెట్టి, ట్రాలీలో పదిహేను మంది ఆడకూలీలను ఎక్కించి ఊరికి పంపుతాం. ట్రాక్టర్ ఓనర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఇంటికి పోయి పాలసీ తీసి చూడండి. మామూలుగా అందులో రాసేది డ్రైవర్ సీటు ఒక్కటే. ట్రాలీలోని కూలీలకు ఏమైనా అయితే కంపెనీ అడ్డం తిరుగుతుంది, నష్టపరిహారం చివరికి మీ పొలం మీదికి వస్తుంది.

ఇక బాధితుల సంగతి. ప్రమాదం జరిగిన రాత్రి ఆసుపత్రిలో చేర్చినవారిని పోలీసులు సతాయించకూడదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. మోటారు వాహనాల చట్టంలోనే ఆ రక్షణ ఉంది. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద ఏడు రోజుల్లో లక్షన్నర దాకా నగదు కట్టకుండా వైద్యం అందాలి. ఆసుపత్రిలో గట్టిగా అడగండి. ఇంకొకటి, నడిపినవాడి రక్త నమూనా ఆ రాత్రే తీయించాలి. గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల లెక్కన మత్తు దిగిపోతుంది. రాత్రి తొమ్మిదికి 60 ఉన్నవాడు అర్ధరాత్రికి 30 లోపు తేలతాడు. తెల్లారి తీసిన రక్తం అతడికి అనుకూలంగానే సాక్ష్యం చెబుతుంది.

మూడో రోజు పెద్దమనుషులు వస్తారు. పోయినవాడు ఎలాగూ తిరిగిరాడమ్మా, రెండు లక్షలు ఇప్పిస్తాం, కేసు వద్దు అంటారు. కర్మకాండలకే అప్పు చేసిన ఇల్లు అది, వేలిముద్ర వేసేస్తారు. ఆ రెండు లక్షలు ఏ లెక్క? చట్టం లెక్క ఇలా ఉంటుంది. చనిపోయినవాడికి 32 ఏళ్లు, నెలకు 12 వేల సంపాదన, ఇంట్లో అతడి మీద ఆధారపడినవాళ్లు నలుగురు అనుకుందాం. ఏడాదికి 1,44,000. ముందు ముందు పెరిగే సంపాదన కింద సుప్రీంకోర్టు 2017 తీర్పు ప్రకారం 40 శాతం కలపాలి, 2,01,600 అయింది. అతడి సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,51,200. ఆ వయసుకు 16తో హెచ్చించాలి. 24,19,200 రూపాయలు. అంత్యక్రియల వంటివి ఆపైన. కూలివాడికి జీతం రసీదు లేకపోయినా ట్రిబ్యునల్ సంపాదనను అంచనా కడుతుంది. ఇంటి పని చేసే ఆడమనిషి పోయినా ఆ పనికి విలువ కడుతుంది.

పైగా మనిషి చనిపోయిన కేసు ఊళ్లో రాజీతో మూతపడేది కాదు. కాగితం మీద పెద్దమనుషులు ఏం రాసుకున్నా దానికి ఆ శక్తి లేదు.

ఇంకో భయం ఉంది. తాగాడని తేలితే ఇన్సూరెన్స్ రాదని కొందరు చెబితే, బాధితుల కుటుంబమే ఆ మాట దాచిపెడుతుంది. కంపెనీ తప్పించుకోవాలని చూసే మాట నిజమే. కానీ చాలా కేసుల్లో కోర్టులు, ముందు బాధితులకు కట్టండి, ఆ తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోండి అన్నాయి. గుద్ది పారిపోయిన బండి దొరకకపోయినా, చావుకు 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి.

పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. పంపారో లేదో వెంటపడి అడగాలి. చట్టం క్లెయిముకు ఆరు నెలల గడువు పెట్టింది, పంట చేతికొచ్చాక చూద్దామంటే దాటిపోతుంది. ప్రమాదం ఎక్కడ జరిగినా బాధితులు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. వచ్చే సొమ్ములో వాటా అడిగే వకీలు ఆసుపత్రి గేటు దగ్గరే దొరుకుతాడు, ఆయన్ను నమస్కారం పెట్టి పంపండి.

అందుకే ఈ సభ ముందు ఒక తీర్మానం పెడుతున్నాను. ప్రతి గ్రామ కమిటీలో ఇద్దరు, అందులో ఒకరు ఆడమనిషి, ఈ పనికి ఉండాలి. ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక, బండి ఆర్‌సీ, ఇన్సూరెన్స్, డ్రైవర్ లైసెన్సు వివరాలు సేకరించి ఆ కుటుంబంతో ట్రిబ్యునల్ దాకా నడవాలి. నడిపింది మన సభ్యుడే అయినా సంఘం బాధితుల పక్కనే కూర్చోవాలి. కూలీలను ఎక్కించే రోజు డ్రైవర్‌కు మందు పోయకూడదని ట్రాక్టర్ ఓనర్ల చేత ఊరిసభలో చెప్పించాలి. పేర్లు ఇవాళే రాసుకుందాం. భోజనాలకు లేవకముందు గ్రామ కార్యదర్శులు ఈ బల్ల దగ్గరికి రండి.