కారు కిందికి దించే ముందు కొలవాల్సినవి



కారు రోడ్డుకు అతుక్కుని పోతున్నట్టు కనిపించాలన్నది కుర్రకారు కోరిక. అందులో తప్పేమీ లేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు, నేలకు ఆనుకున్నంత కిందుగా ఉండే కార్లు మలుపులు ఎలా తిరుగుతాయో మనవాళ్లు కళ్లారా చూశారు. అయితే ఆ పందెం జరిగింది మూడు కిలోమీటర్లకు లోపున్న ట్రాక్ మీద. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారి వేరు. సింగరేణి బొగ్గు లారీలు నలిపే రోడ్డది. భద్రాచలం దాటితే చింతూరు అడవి, ఆపైన మారేడుమిల్లి ఘాట్. ఇక్కడ తిరిగే కారును ఎంత దించాలన్నది ఈ దారిని చూసి తేల్చుకోవాల్సిన సంగతి.

స్పీడ్ బ్రేకర్‌నే తీసుకుందాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం దాని ఎత్తు 10 సెంటీమీటర్లు, పొడవు 3.7 మీటర్లు, వంపు వ్యాసార్థం 17 మీటర్లు. ముందు, వెనక చక్రాల మధ్య సుమారు రెండున్నర మీటర్లుండే చిన్న కారు దాని మీదికి ఎక్కినప్పుడు నాలుగు చక్రాలూ ఇంకా ఆ వంపు మీదే ఉంటాయి. లెక్క కడితే కారు నడుము కింద నాలుగున్నర సెంటీమీటర్ల జాగా చాలు. అదే ఊళ్లో జనం అంతే ఎత్తున, తక్కువ పొడవుతో సిమెంటుతో కట్టుకున్న దిమ్మె అయితే, ముందు చక్రాలు దిగిపోయాక, వెనక చక్రాలు ఎక్కకముందే నడుము దాని మీదికి వస్తుంది. అప్పుడు పూర్తి 10 సెంటీమీటర్లూ కావాలి. స్విఫ్ట్ లాంటి కారుకు ఖాళీగా ఉన్నప్పుడు ఉండే గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. అందులోంచి 40 తీసేసి, అయిదుగురిని ఎక్కించి, డిక్కీలో సామాను పెట్టి భద్రాచలం దగ్గరి పర్ణశాలకు బయలుదేరితే ఎంత మిగులుతుందో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు. కాబట్టి మొదటి కొలత ఖాళీ కారుకు కాదు, నిండు కారుకు తీయాలి.

ఇక పని సంగతి. కారు దించడానికి స్ప్రింగును గ్యాస్‌తో కోయడం చవక, త్వరగా అయిపోతుంది. కానీ ఆ వేడికి ఉక్కు పదును పోతుంది. చల్లగా కోసినా చిక్కు తీరదు. ఆరు చుట్ల స్ప్రింగులో ఒక చుట్టు తీసేస్తే అది 20 శాతం గట్టిపడుతుంది. పాత షాకబ్జర్ ఆ గట్టిదనాన్ని అదుపు చేయలేక కారు ఎగిరెగిరి పడుతుంది. అసలు ప్రమాదం ఇంకొకటి: చక్రం గుంతలోకి పూర్తిగా జారినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై, కూర్చునే చోటు నుంచి పక్కకు తప్పుకోవచ్చు. మరుక్షణం బరువంతా దాని మీద పడుతుంది. ఘాట్ మలుపులో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

సరైన పద్ధతిలో ఆ కారు కోసమే తయారైన పొట్టి స్ప్రింగు, దానికి తగిన షాకబ్జర్, తగిన బంప్ స్టాపర్ కలిసి రావాలి. పని మొదలుపెట్టే ముందు చదునైన నేల మీద నిలబెట్టి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు వైపులా కొలిచి రాసుకోవాలి. స్ట్రట్ విప్పేటప్పుడు స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా పై నట్టు ముట్టుకోకూడదు. లోపల అదిమిపెట్టిన బలం మనిషి ముఖం పగలగొట్టగలదు.

చాలామంది వదిలేసే మెట్టు ఒకటుంది. లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌ల బోల్టులను కారు జాక్ మీద వేలాడుతుండగా బిగించేస్తారు. కారు దిగగానే బుష్ మెలితిరిగి అలాగే ఉండిపోయి, కొన్నాళ్లకే చిరుగుతుంది. చక్రాల మీద బరువు పడ్డాకే చివరి బిగింపు. ఆ వెంటనే అలైన్‌మెంట్, ఎందుకంటే దించడంతో చక్రాల కోణాలైన టో, క్యాంబర్ రెండూ మారతాయి. స్ప్రింగులు సర్దుకునేదాకా కారు తిప్పాక మళ్లీ కొలిచి చూడాలి.

మరీ కిందికి దించితే, దించడం వల్ల మలుపుల్లో వచ్చే లాభం కూడా పోతుంది. మాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కార్లలో లోయర్ ఆర్మ్ పైకి వాలడంతో, బాడీ దిగినదానికంటే రోల్ సెంటర్, అంటే మలుపులో బాడీ ఒరిగే కేంద్రం, ఎక్కువ దిగుతుంది. చూడ్డానికి కిందుగా ఉన్న కారే మలుపులో ఎక్కువ ఒరగాలని చూస్తుంది.

చట్టాన్నీ మరవకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పుకు యజమానికి ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ పడవచ్చు. స్ప్రింగు కొనకముందే ఆర్టీఓ కార్యాలయంలోను, బీమా కంపెనీలోను అడగడం మంచిది.

భద్రాచలం దారిలో రోజూ తిరిగే కుటుంబపు కారును 25 మిల్లీమీటర్లకు మించి దించకపోవడమే మేలు. మెకానిక్ సోదరులకు ఒక్క మనవి: స్ప్రింగు కోయమని అడిగినవాడికి ఆ పని చేసిపెట్టకండి. నిండు బరువుతో కారు కింద ఎంత జాగా మిగులుతుందో టేపు పెట్టి చూపించండి.